సుబాబుల్ విల్లుకి ఇంగ్లండు కొలతలు దేనికి?

"మన దగ్గర విల్లుకి ఏ కర్ర పనికొస్తుందండీ?" చెక్కవిల్లు వీడియోలు చూసినవాళ్ళు విజయవాడలో అడిగే మొదటి మాట ఇదే. ఈ ఊరికి ఆర్చరీ కొత్త కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ నుంచి మూడు బంగారు పతకాలు పట్టుకొచ్చిన జ్యోతి సురేఖది ఈ ఊరే. కాకపోతే ఇక్కడ పిల్లల చేతికి దొరికేది గిలకలున్న కాంపౌండో, కొసలు ముందుకి వంగిన రికర్వో. అల్యూమినియం, కార్బన్, ఫైబర్. కర్ర నుంచి సొంతంగా చెక్కుకోవాలన్న సరదా పుట్టినవాళ్ళకి యూట్యూబే గురువు.

ఆ గురువుగారుండేది చలిదేశంలో. చేతిలో యూ, ఆసేజ్ ఆరెంజ్ లాంటి అక్కడి చెట్ల కర్ర ఉంటుంది. ఆసేజ్ అయితే బెరడూ, దాని కింది తెల్లచెక్కా తీసేసి ఒకే వార్షిక వలయం వెంట వీపు, అంటే బాణం వెళ్ళే వైపు మొహం, తీయమంటాడు. ఏడాది నీడన ఆరబెట్టమంటాడు. రెక్క, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగం, వెడల్పు అంగుళంన్నర చాలంటాడు. మనవాడు టింబర్ డిపోకి వెళ్ళి టేకు బద్ద కొనుక్కొచ్చి, అవే కొలతలతో చెక్కి, ఇరవై అంగుళాలు లాగేలోపే టప్పుమనిపిస్తాడు. "మన కర్రలు పనికిరావు" అని తీర్పు చెప్పేస్తాడు. నా వాదన ఏమిటంటే, ఆ విల్లుని విరగ్గొట్టింది టేకు కాదు, అరువు తెచ్చుకున్న కొలత. మన పొలంగట్ల మీద దొరికే సుబాబుల్ లాంటి మామూలు కర్రతో కూడా విల్లు అవుతుంది. దాని బలాన్ని బట్టి పొడవూ వెడల్పూ ఎంచుకోవాలి, మన గాలిని బట్టి ఆరబెట్టాలి, అంతే.

ఇంగ్లిషు లాంగ్‌బో, అంటే వాళ్ళ పొడవాటి చెక్కవిల్లు, మీద మోజు పెరగడానికి మేరీ రోజ్ అనే ఇంగ్లండు యుద్ధనౌక ఒక కారణం. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా యూ విల్లులు దొరికాయి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, కడుపు, అంటే మనవైపు మొహం, గుండ్రం. ఆ ఆకారం యూకే చెల్లింది, ఎందుకంటే దాని చేవ నొక్కుడుని, తెల్లచెక్క సాగుడుని అసాధారణంగా ఓర్చుకుంటాయి. అదే డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో 1944లో బయటపడ్డ విల్లులు చూడండి. దాదాపు 9,000 ఏళ్ళనాటివి, ఎల్మ్ కర్రవి. వాళ్ళు వాటి రెక్కల్ని వెడల్పుగా, బల్లపరుపుగా చెక్కారు. చేతిలో ఉన్న కర్రకి తగ్గ ఆకారం ఎంచుకోవడమన్న తెలివి రాతియుగంలోనే ఉంది. సుబాబుల్ కర్ర పట్టుకున్న మనకి మేరీ రోజ్ కంటే హోల్మెగార్డే దగ్గరి చుట్టం.

వేట సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం "ఆయుధం" నిర్వచనంలో విల్లంబులు కూడా ఉన్నాయి. అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం, వేట సరేసరి. కాబట్టి ఇక్కడ వేటవిల్లు అంటే ఆ తరహా బలమున్న విల్లు, 40 నుంచి 45 పౌండ్లది, అంటే ఇరవై కిలోల దాకా లాగేది అని అర్థం. గురి మాత్రం గడ్డిమోపు మీదికే.

వీపు జోలికి పోవద్దు

బాణం వెళ్ళే దిక్కుకి ఉండేది వీపు, మనవైపు ఉండేది కడుపు. లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నొక్కుకుపోతుంది. వీపు మీద ఒక్క పోగు తెగినా అక్కణ్ణుంచి పేడు లేస్తుంది. అందుకే చెట్టు మొదలు నుంచి చివరి దాకా తెగని పోగులున్న ఉపరితలం కావాలి. వీడియోల్లో వలయం పట్టుకోమనేది ఇందుకే.

చలిదేశాల చెట్లు శీతాకాలం పెరగడం ఆపుతాయి గనక వలయాలు గీసినట్టు కనిపిస్తాయి. మన చెట్లలో టేకుకి వలయాలు బాగా కనిపిస్తాయి. సుబాబుల్‌లో, సరుగుడులో వెతికినా సరిగ్గా దొరకవు. దొరకనిదాన్ని పట్టుకోవాలని ఉలితో కుస్తీ పట్టడం వృథా. బెరడు ఒలిచిన వెంటనే కనిపించే పైపొరే తెగని పోగుల వరుస. దాన్ని అలాగే వీపుగా ఉంచేస్తే వలయం గొడవే లేదు. ఆ చలిదేశాల్లో కూడా ఎల్మ్‌కీ హికరీకీ ఇలాగే చేస్తారు. తెల్లచెక్క పనికిరాదన్నది కొన్ని కర్రల విషయంలో పుట్టిన మాట, దాన్ని మనం అన్నిటికీ అంటగట్టుకున్నాం.

గుంటూరు వైపు ఒక కుర్రాడు నల్లతుమ్మ బద్దకి పై పని చేయించుకుందామని పనితనం ఉన్న వడ్రంగికే ఇచ్చాడు. వీపు మీద కణతులు, చిన్న చిన్న గుంటలు ఉన్నాయి, కర్ర పెరిగిన తీరే అంత. వడ్రంగి వాటిని చూసి ఊరుకోలేకపోయాడు. చిత్రిక పట్టి అద్దంలా చేసి ఇచ్చాడు, పైగా దానికి డబ్బులు తీసుకోలేదు. ఇరవై రెండు అంగుళాల దగ్గర పేడు లేచింది, సరిగ్గా పెద్ద కణతి కోసేసిన చోట. తలుపుకీ మంచానికీ నునుపే పనితనం. విల్లు వీపు మీద ఎత్తు వచ్చిన చోట కడుపువైపు కూడా అంతే ఎత్తు వదలాలి, గుంట ఉన్న చోట కడుపు కూడా అంతే దిగాలి. అప్పుడే మందం అంతటా సమంగా ఉంటుంది. ముడి వస్తే రెక్క అంచుని దాని చుట్టూ కాస్త ఉబ్బుగా వదిలేయాలి, మధ్యకి కోసుకుంటూ పోకూడదు.

సామిల్లు బద్దతో అసలు కాదా అంటే అవుతుంది. పక్కమొహం మీద ఈనెలు ఈ చివర నుంచి ఆ చివరకి అంచు దాటకుండా వెళ్ళాలి. అలాంటి ముక్క వంద బద్దలు తిరగేస్తే ఒకటి దొరకొచ్చు. దొరక్కపోతే వీపు మీద మూడు మిల్లీమీటర్ల వెదురు పెచ్చు, పైచర్మం బయటికి ఉండేలా, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో అంటించుకోవాలి. తలుపులకి వాడే తెల్లజిగురు వద్దు. ఎప్పుడూ బిగువు మీదుండే చోట అది మెల్లగా జారుతుంది, వానాకాలంలో మెత్తబడుతుంది కూడా.

దుంగ ఎలాంటిది, ఎప్పుడు

నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్‌కి కొదవ లేదు. పేపరు మిల్లుకి పోయే కర్ర విల్లుకి సన్నం. గట్ల మీద వదిలేసిన పాత చెట్లు చూడండి. ఐదారు అంగుళాల లావు, ఆరడుగుల పొడవునా కొమ్మలేని ముక్క కావాలి. బెరడు మీది గీతలు మెలి తిరిగి ఉంటే లోపలి పోగులూ మెలి తిరిగే ఉంటాయి. ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

నిజానికి నా మొదటి ఓటు నల్లతుమ్మకే. బండి చక్రాలకీ నాగళ్ళకీ తరాలుగా వాడిన కర్ర అది, బరువూ జిగీ రెండూ ఉన్నాయి. ఆరడుగులు నిటారుగా దొరకడమే కష్టం. అడవుల్లో పెరిగే తడ, కొన్నిచోట్ల జాన అంటారు, సాగే గుణంలో ఇంకా మేలు, కానీ మనకి చట్టబద్ధంగా చేతికొచ్చే దారి తక్కువ. సరుగుడు గట్టిదే గానీ ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, వంకర్లు పోతుంది. చింత, వేప పోగులు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి, చీల్చబోతే ఎటు పోతాయో చెప్పలేం. నేర్చుకునేవాడికి సుబాబుల్ మంచిదంటాను: తిన్నగా చీలుతుంది, చవక, పాడైనా ప్రాణం ఉసూరుమనదు.

చీల్చాలి, కోయకూడదు. ఇనుప చీలలు కొడుతూ పోతే చీలిక పోగు వెంటే వెళ్తుంది. రంపం పోగుని చూడదు, గీత వెంట పోతుంది. నరికిన రోజే రెండు చివర్లకీ చిక్కగా పెయింటో, కరిగించిన మైనమో పూయాలి. లేకపోతే తెల్లారేసరికి చివర్ల నుంచి పగుళ్ళు లోపలికి పాకుతాయి. వాటికోసమే విల్లు పొడవు కంటే నాలుగంగుళాలు ఎక్కువ ఉంచుకోవడం.

ఎప్పుడు నరకాలన్నదాని మీద రెండు వాదాలున్నాయి. ఎండాకాలం ముందు నరికితే కర్రలో తడి తక్కువ, కానీ బెరడు పట్టుకుని కూర్చుంటుంది, ఒలిచేటప్పుడు కత్తి వీపుకి తగులుతుంది. వానల్లో నరికితే బెరడు పట్టల్లా ఊడొస్తుంది, కత్తి అవసరమే ఉండదు, కానీ గాలంతా తేమ. నేను మధ్యేమార్గం వైపు: దసరాకి నరికి, సంక్రాంతికి రూపు తీసి, ఉగాదికి అల్లె (వింటితాడు) ఎక్కించేలా పెట్టుకుంటే బెరడూ మాట వింటుంది, ఆరడానికి చలికాలమూ కలిసొస్తుంది.

తెల్లచెక్కకి అసలు శత్రువు పుచ్చు. లీటరు నీళ్ళలో 20 గ్రాముల బోరిక్ యాసిడ్, 30 గ్రాముల బోరాక్స్ కలిపి, చెక్క పచ్చిగా ఉన్నప్పుడే రెండు మూడు సార్లు పూసి, ప్లాస్టిక్ పట్టాలో నాలుగైదు రోజులు చుట్టి ఉంచాలి. ఆరాక పూస్తే లోపలికి దిగదు. ఆ తర్వాత వీపుకి మాత్రం రెండు పూతలు లక్కపాలిష్ వేయాలి. కడుపు తెరిచే ఉంచాలి. తడి కడుపువైపు నుంచి పోతుంది, వీపు పగలదు.

కృష్ణ గాలి, కర్రలో నీరు

మన గాలి విషయంలో పరాయి సలహా ఇంకా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. విల్లు కర్రలో నీరు 8 నుంచి 10 శాతం ఉండాలి. కర్ర ఎంతకాలం ఆరినా చుట్టూ ఉన్న గాలి తేమ దగ్గరే ఆగిపోతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్ర 15 శాతం దగ్గర ఆగుతుంది. ఏడాది కాదు, పదేళ్ళు మీ వరండాలో పెట్టినా శ్రావణంలో అంతకంటే దిగదు. తడి ఎక్కువున్న కర్ర విరగదు, అదే మోసం. వంగి, వంగినట్టే ఉండిపోతుంది. అల్లె దించాక కూడా కొసలు మూడు అంగుళాలు మనవైపే వాలి ఉన్నాయంటే ఆ విల్లులో సగం జీవం పోయినట్టే. రెండో కొసన రోహిణీ కార్తె వడగాలి ఉంది. తేమ 20 శాతానికి పడిపోయిన మధ్యాహ్నాలు వరసగా వస్తే కర్ర 5 శాతం దాకా ఎండి పెళుసెక్కుతుంది. ఆ రోజుల్లో నిండుగా లాగి చూడటం కోరి తెచ్చుకున్న ప్రమాదం.

దీనికి చవకైన విరుగుడు వేడి డబ్బా. విల్లు పట్టేంత పొడవు ప్లైవుడ్ పెట్టె, లోపల థర్మోకోల్, అడుగున పాతకాలం ఫిలమెంటు బల్బు, పైన రెండు బెజ్జాలు, ఒక థర్మామీటరు. బల్బు చెక్కకీ థర్మోకోల్‌కీ దగ్గరగా ఉండకూడదు. బయటికంటే పది డిగ్రీలు ఎక్కువ వేడి ఉంటే చాలు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలినే 40 డిగ్రీలకి వేడిచేస్తే తేమ 46 శాతానికి దిగుతుంది, కర్ర 8 శాతం దగ్గర కుదురుకుంటుంది. ఎక్కువ వేడి పెడితే తొందరగా అవుతుందనుకోకండి, పగుళ్ళే వస్తాయి. పచ్చికర్రని నేరుగా ఇందులో పెట్టకూడదు కూడా. ముందు రూపు గీసి, రెక్కలు అంగుళం మందానికి చెక్కి, వంకర పోకుండా తిన్నటి బల్లకి తాళ్ళతో కట్టి, నెల పైన నీడలో ఆరనివ్వాలి. డబ్బా ఆ తర్వాత.

ఆరిందో లేదో చెప్పేది వంటింటి తూకమే. రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. వారం పాటు అంకె కదలకపోతే ఆ డబ్బాలో ఆరాల్సినంత ఆరింది. తేమ మీటరు కొనడం తప్పు కాదు, కానీ చవక మీటర్లు పైపొర సంగతే చెప్తాయి.

వెడల్పు ఎంత?

ఏ కర్ర అన్న ప్రశ్న స్థానంలో నేను పెట్టమనేది ఈ ప్రశ్న. ఆరిన కర్రలోంచి 20 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క కోసి తూచండి. దాని ఘనపరిమాణం 160. బరువు 96 గ్రాములొస్తే సాంద్రత 0.6. సాంద్రత 0.55 దగ్గరుంటే రెక్క వెడల్పు రెండుంబావు నుంచి రెండున్నర అంగుళాలు. 0.65కి రెండు. 0.75 దాటితే ఒకటిముప్పావు చాలు. 0.5 లోపు తేలితే పొయ్యిలోకే. ఇది ఉజ్జాయింపు లెక్కే. ఒకే జాతిలో రెండు చెట్లకి పొంతన ఉండదు గనక చెట్టు పేరు కంటే ఈ లెక్కే నయం.

పొడవు దగ్గర పిసినారితనం వద్దు. 28 అంగుళాలు లాగేవాళ్ళకి 68 అంగుళాల విల్లు, అంటే ఐదడుగుల ఎనిమిది. మధ్యలో నాలుగంగుళాల పిడి, దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాల వాలు, ఆపైన ముప్పైయేసి అంగుళాల రెక్కలు. రెక్క సగం దాకా పూర్తి వెడల్పు ఉంచి, అక్కణ్ణుంచి కొస దగ్గర అర అంగుళానికి సన్నం చేసుకుంటూ పోవాలి. మొదట్లో కొసని ముప్పావు అంగుళం దగ్గరే ఆపితే మంచిది. అల్లె పక్కకి పోతే సర్దుకోవడానికి చోటుంటుంది. పిడి కొలతలు మీ గుప్పెటని బట్టి, ఒకటింబావు వెడల్పు, ఒకటిముప్పావు లోతు మామూలు.

వెడల్పెందుకంటే, రెక్క బిగువు వెడల్పుతో నేరుగా పెరుగుతుంది, మందంతో ఘనంగా పెరుగుతుంది. రెండంగుళాల వెడల్పులో ఇరవయ్యో వంతు తీస్తే పోయేది ఐదు శాతమే. 16 మిల్లీమీటర్ల మందం 15కి దిగితే 18 శాతం పోతుంది. పైగా మందం ఎక్కువైతే అదే వంపుకి కడుపు మీద నొక్కుడు పెరుగుతుంది. మామూలు కర్రలు సాగుడు కంటే నొక్కుడుకే ముందు లొంగుతాయి. కాబట్టి బలం వెడల్పులోంచి తెచ్చుకోవాలి, సున్నితపు పని మందంలో చేసుకోవాలి. గుండ్రటి కడుపు చూడ్డానికి అందమే. బరువంతా ఆ ఒక్క గీత మీద పడుతుంది, సుబాబుల్ దాన్ని మోయలేదు.

తాడో పేడో ఇక్కడే

వంపు కుదర్చడం దగ్గర తొందరపడ్డవాళ్ళే ఎక్కువమంది విల్లుని పోగొట్టుకుంటారు. మొదట రెక్క మందం పిడి దగ్గర 18 మిల్లీమీటర్లు, కొస దగ్గర 15 ఉండేలా దింపి, కొస నేలకి ఆన్చి నొక్కి చూస్తే ఒక చేతి వెడల్పు కదలాలి. రెండు రెక్కలూ ఒకేలా కదిలాక కొసలకి అర అంగుళం ఇవతల, పక్కల్లో మాత్రమే, ఏటవాలుగా గుండ్రటి ఆకురాయితో అల్లె కూర్చునే గాడి తీయాలి. వీపు మీదికి గాడి పాకనివ్వకూడదు.

గోడకి గట్టి చెక్క బిగించి దానిమీద పిడి ఆనించాలి. విల్లు కంటే పొడవైన తాడు రెండు కొసలకీ తగిలించి, మధ్యలోంచి ఇంకో తాడు కింద గిలక మీదుగా పక్కకి తెచ్చి, దానికి వేలాడే డిజిటల్ తూకం కట్టాలి. పక్కన నిలబడి లాగాలి, ఎదురుగా కాదు. విరిగిన ముక్క ఎటొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నేను రాజీపడని నియమం ఒకటుంది. కావలసిన పౌండేజీ, అంటే నిండుగా లాగినప్పుడు తూకం చూపే పౌండ్లు, 40 అయితే, విల్లు చెక్కుతున్నన్నాళ్ళూ 40కి మించి ఎప్పుడూ లాగకూడదు, ఎంత తక్కువ దూరం వంగినా సరే. పది అంగుళాలకే 40 చూపిస్తే అక్కడ ఆగి, కడుపు గీకి, మళ్ళీ లాగాలి. చాలామంది ఇందుకు విరుద్ధంగా, బిగుసుకున్న విల్లుని బలవంతంగా 60 దాకా లాగి "వంగుతోంది కదా" అనుకుంటారు. అప్పుడే కడుపు పోగులు నలుగుతాయి. బయటికి ఏమీ కనిపించదు, తర్వాత అల్లె దించినా కొసలు మనవైపే వాలి ఉండిపోయినప్పుడు బయటపడుతుంది.

ఎక్కడ గీకాలో కన్ను ఒక్కోసారి తప్పు చెప్తుంది. ఆరంగుళాల చదును చెక్కముక్కకి మధ్యలో బెజ్జం పెట్టి పెన్సిల్ దూర్చండి. విల్లు కొంచెం వంచి ఉంచి, ఎక్కువ వంగిన చోట పెన్సిల్ ములుకు కడుపుకి అప్పుడే తగిలేలా సర్ది, రెక్క పొడుగునా జరపండి. తక్కువ వంగిన చోటల్లా గీత పడుతుంది. గీత పడ్డచోటే గీకాలి, పడనిచోట ముట్టుకోకూడదు. ఒక రెక్కలో ఒకేచోట మడత పడుతోందంటే ఆ చోటుని వదిలి మిగతా రెక్కంతా దానితో సమంగా దించాలి, రెండో రెక్కని కూడా. ఆ దెబ్బకి ఐదారు పౌండ్లు పోతాయి. పోనివ్వండి.

ఆకురాయి తర్వాత పని గాజుపెంకుతోనో హాక్సా బ్లేడు ముక్కతోనో జరగాలి. గీకిన ప్రతిసారీ ఇరవై ముప్పై సార్లు సగానికి సగం లాగి వదిలాకే మళ్ళీ చూడాలి. చెక్క తీసిన ఫలితం వెంటనే కనిపించదు, కనిపించలేదని ఇంకా గీకితే విల్లు కాస్తా పిల్లల ఆటబొమ్మ అవుతుంది. కొసలు ఆరంగుళాలు సమంగా కదిలాక అసలు అల్లె మూడంగుళాల ఎత్తుకి ఎక్కించి, పని సాగేకొద్దీ ఆరుకి పెంచాలి. కింది రెక్క పై రెక్క కంటే కొంచెం బిగువుగా, మధ్యలో కొలిస్తే మూడు మిల్లీమీటర్ల తేడాతో ఉండాలి. లాగాల్సిన పొడవుకి రెండంగుళాల ముందే ఆపేయండి. ఉప్పుకాగితం పనితో, వంద బాణాలు వేయడంతో మిగతాది దానంతటదే దిగుతుంది.

అల్లె దించిన ప్రతిసారీ విల్లుని తిన్నటి కర్ర పక్కన పెట్టి కొసల వాలు చూసుకోవాలి. ఇరవై అంగుళాల దశలోనే వాలు అంగుళం దాటితే అది చేతి తప్పు కాదు, కర్రలో తడి. గీకడం ఆపి డబ్బాలో పెట్టాలి.

విరిగిన ముక్క చూస్తే

విరిగితే ముక్కలు పారేయకండి. వీపు మీంచి పొడవాటి పేడు లేచి విరిగితే పోగు తెగింది: సామిల్లు కోతో, చిత్రికో, గాడో. పేడు లేకుండా ముల్లంగిలా అడ్డంగా పుటుక్కుమంటే కర్ర మరీ ఎండింది, లేదా నరికాక బెరడుతో తడిలో పడి ఉండి లోపల బూజు తిన్నది. కడుపు మీద అడ్డంగా వెంట్రుకల్లాంటి ముడతలు కనిపిస్తే అక్కడ రెక్క ఎక్కువ వంగుతోంది, లేదా వెడల్పు చాల్లేదు. ముడతలొచ్చిన విల్లు ఆ రోజే విరగదు, కానీ ఇక దాని పౌండేజీ తగ్గించుకోవాల్సిందే.

నల్లమల వాళ్ళ మాటేమిటి?

చెంచులు కత్తితో వెదురు విల్లు చెక్కుకుంటారు, వాళ్ళకి డబ్బా ఉందా, తూకం ఉందా అని ఎవరైనా అడిగితే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కన్నూ చెయ్యీ కొలతగా పెట్టుకున్నవాడికి తూకం అక్కర్లేదు. అది లేనివాడికే ఈ అంకెలన్నీ. ఇంకోటి, వెదురుతో చేసేవాడు నేను మొత్తుకుంటున్న పని పుట్టుకతోనే చేస్తాడు: పైచర్మం చెక్కడు, దాన్నే వీపు చేస్తాడు. సాధన వెదురు లోపల గట్టిగా ఉంటుంది గనక మనక్కూడా మంచి దారే. మూడేళ్ళు దాటిన బొంగు కావాలి, లేతది ఆరితే ముడుచుకుపోతుంది. కణుపుల్ని చదును చేయకుండా అంచులు మాత్రం కొద్దిగా గుండ్రం చేయాలి. కర్ర దొరకడం లేదని కూర్చున్నవాళ్ళు వెదురుతో మొదలుపెడితే నాకేం అభ్యంతరం లేదు. పొడవు, పౌండేజీ నియమం, గాలి లెక్క అక్కడా అవే.

రెడీమేడ్ ఫైబర్ విల్లు ఇంతకంటే గట్టిది, వానకి జంకదు అన్నది మాత్రం కాదనలేని మాట. బాణం వేయడమే కావాలనుకునేవాళ్ళు అదే కొనుక్కోవాలి.

పూత, అల్లె, వానాకాలం

అల్లెకి డాక్రాన్ దారం పన్నెండు పోగులు 40 పౌండ్లకి సరిపోతాయి. నైలాన్ తాడు సాగుతుంది, వద్దు. పాతపద్ధతి కావాలంటే జనపనార పేనుకోవచ్చు, దానికి మైనం పట్టిస్తూ ఉండాలి. బాణం లేకుండా అల్లె లాగి వదలొద్దు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగొస్తుంది.

పూతగా అవిసెనూనె నిగనిగలాడుతుంది గానీ తేమని ఆపదు. లక్కపాలిష్ ఐదు పూతలో, పాలీయురేథేన్ మూడు పూతలో వేస్తే తేమ మెల్లగా ఎక్కుతుంది, ఎక్కడం మాత్రం ఎక్కుతుంది. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి 40 పౌండ్ల విల్లు 36 చూపించిందని కంగారుపడి కొసలు కోసి పొట్టి చేసేవాళ్ళున్నారు. ఆ పని చేయకండి. కార్తీకానికి అది మళ్ళీ పెరుగుతుంది, అప్పుడు పొట్టి రెక్క మీద బరువెక్కువై ముడతలొస్తాయి. వాడనప్పుడు అల్లె దించి, గోడకి ఆనించకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. మరీ మెత్తబడిందనిపిస్తే వారం రోజులు వేడి డబ్బాలో ఉంచి మళ్ళీ తూకం కట్టండి. అప్పటికీ తక్కువే చూపిస్తే విల్లుని అనుమానించే ముందు అల్లె సాగిందేమో కొలవండి. పిడికీ అల్లెకీ మధ్య ఆరంగుళాలు ఉండాల్సింది ఐదుకి దిగి ఉంటే అల్లెకి ఇంకొన్ని మెలికలు వేస్తే సరిపోతుంది.